“తింటాడమ్మా” అంటే ఎవరి చేత్తో? ఇంటింటికీ వెళ్లి స్క్రీనింగ్ చేసే కొత్త కేస్ మేనేజర్లకు

మీరు ఈ మధ్యే కేస్ మేనేజర్‌గా చేరారు. చేతికి ఒక బ్యాగు, ఫారాల కట్ట, మండలంలోని ఊళ్ల జాబితా ఇచ్చి, ఎదుగుదలలో వెనకబడ్డ పిల్లల్నీ పెద్దల్నీ గుర్తించి వాళ్లకు రావాల్సిన సేవలు ఇప్పించమన్నారు. ఫారం నింపడం ట్రైనింగ్‌లో నేర్పే ఉంటారు. ఇంట్లోకి అడుగుపెట్టాక ఏం అడగాలి, విన్నది ఎలా రాయాలి, రాసింది పట్టుకుని ఎక్కడిదాకా వెళ్లాలి అన్నది నేను చెబుతాను. తెలుగు జిల్లాల్లో ఏళ్ల తరబడి ఈ పని చేస్తూ నేర్చుకున్న సంగతులివి.

ముందు ఒక్క మాట. స్క్రీనింగ్‌లో మీరు జబ్బుకు పేరు పెట్టరు. ఆటిజమా, మేధో వైకల్యమా, సెరిబ్రల్ పాల్సీయా (మెదడు దెబ్బవల్ల నడకలో, కదలికల్లో వచ్చే ఇబ్బంది) అని తేల్చేది డాక్టరు, సైకాలజిస్టు. ఆ మనిషికి ఒక రోజు ఎలా గడుస్తుందో ఉన్నది ఉన్నట్టు రాసుకోవడం మీ పని. రేపు డాక్టరు అడిగేదీ, సర్టిఫికెట్ బోర్డు అడిగేదీ, బడిలో టీచరు అడిగేదీ ఆ ఒక్క రోజు గురించే.

1. ఊళ్లోకి వెళ్లే ముందు

అంగన్‌వాడీ టీచర్‌నీ, ఆశా కార్యకర్తనీ కలవకుండా ఊళ్లో తిరగకండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. పుట్టిన పిల్లల నుంచి 18 ఏళ్లవాళ్ల దాకా ఆరోగ్యం, ఎదుగుదల పరీక్షించి చూడటం దాని పని. ఆ టీములు అంగన్‌వాడీలకు ఏడాదికి 2 సార్లు, సర్కారు బడులకు ఒకసారి రావాలి. అనుమానం వచ్చిన పిల్లల్ని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి రాసి పంపుతారు. దాన్నే అందరూ డీఈఐసీ అంటారు. అలా రాసిచ్చినవాళ్లలో ఎవరు వెళ్లారు, ఎవరు వెళ్లలేదు అని అడగండి. చీటీ ఇచ్చినా వెళ్లనివాళ్ల ఇళ్లకే మీరు ముందు వెళ్లాలి.

ఏ జాబితాలోనూ కనిపించనివాళ్లు ఇంకొందరు ఉంటారు. బడి మానేసి ఇంట్లోనే ఉండిపోయిన పాతికేళ్లవాళ్లు, ముప్ఫై ఏళ్లవాళ్లు. వీళ్ల గురించి రేషన్ డీలర్‌కి తెలుస్తుంది, కిరాణా కొట్టు అవ్వకు తెలుస్తుంది. అడిగేటప్పుడు మాట జాగ్రత్త. “మతిలేనోళ్లు ఎవరైనా ఉన్నారా” అని అడిగారంటే, ఆ మాట మీకంటే ముందే ఆ ఇంటికి చేరుతుంది, తలుపు తీయరు. “ఇంటిపట్టునే ఉండేవాళ్లు, వయసుకు తగ్గట్టు మాటలు రానివాళ్లు ఉన్నారా అవ్వా” అని అడగండి.

వేళ కూడా చూసుకోండి. కూలికి వెళ్లే ఇంటికి ఉదయం పదింటికి వెళితే నాయనమ్మ తప్ప ఎవరూ ఉండరు. ఆ పిల్లాడి కడుపునొప్పి నుంచి కలవరింత దాకా తెలిసింది తల్లికే. సాయంత్రం ఆరు దాటాక వెళ్లండి, లేదా వాన పడి పనులు ఆగిన రోజు వెళ్లండి. ఆఫీసు బండి వీధి చివర ఆపి నడిచి వెళితే ఇరుగుపొరుగు గుమిగూడరు.

2. గడప దాటాక

ముందు మాట్లాడాల్సింది మీరు ఎవరి కోసం వెళ్లారో వాళ్లతో. పేరు పెట్టి పలకరించండి. మాట రాదని ఇంట్లోవాళ్లు చెప్పినా సరే, వాళ్ల ఎదురుగా కూర్చుని మీ పేరు చెప్పండి, ఎందుకు వచ్చారో చెప్పండి. ముప్ఫై ఏళ్ల మనిషిని ఇంట్లో “వాడు” అనొచ్చు, మీరు అనకండి.

తర్వాత ఇంట్లోవాళ్ల అనుమతి అడగండి. ఏం రాసుకుంటారో, ఎవరికి చూపిస్తారో ముందే చెప్పండి. వాళ్లు సరేనన్నాకే పుస్తకం తీయండి. ఫొటో తీసి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టడం అనే అలవాటు మీ దగ్గర ఉంటే ఈ రోజే మానేయండి. ఆ ఇంట్లో పెళ్లికి ఎదిగిన చెల్లెలు ఉంటుంది. ఆ ఫొటో ఎక్కడ తేలుతుందోనన్న భయంతో మిమ్మల్ని రెండోసారి లోపలికి రానివ్వరు.

3. ఒక రోజు అడగండి

ఈ పనికి ప్రాణం ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

“మీ బాబుకు ఏమేమి వచ్చు” అని అడిగితే రెండే జవాబులు వస్తాయి: “అన్నీ వచ్చు”, లేదా “ఏమీ రాదు”. రెండూ మీకు పనికిరావు. అలా కాకుండా “నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పమ్మా” అనండి. ఎవరు లేపారు? పక్క తడిపాడా? పళ్లు ఎవరు తోమారు? చొక్కా ఎవరు తొడిగారు? గుండీలు పెట్టుకున్నాడా, మీరు పెట్టారా?

మన భాషలో ఒక చిక్కు ఉంది. “అన్నం తింటాడా” అని అడుగుతాం. “తింటాడమ్మా” అంటుంది తల్లి. మీరు ఫారంలో టిక్కు పెట్టేస్తారు. పన్నెండేళ్ల పిల్లాడికి ముద్దలు కలిపి నోట్లో పెట్టేది ఆవిడే అని మీకు తెలియనే తెలియదు. ఆవిడ అబద్ధం చెప్పలేదు, తింటాడు కదా! అందుకే ప్రతి పనికీ “ఎవరు చేస్తారు” అని అడగండి. అన్నం తనే కలుపుకుంటాడా, కలిపి ఇస్తే తింటాడా, తినిపించాలా? స్నానం తనే చేస్తాడా, నీళ్లు తోడిస్తే చేస్తాడా, మొత్తం మీరే చేయించాలా? దొడ్డికి వస్తే చెబుతాడా, చెప్పకుండా పోసుకుంటాడా, కడుక్కోవడం వచ్చా? మాటల గురించీ అంతే. “మాటలు వచ్చు” అంటే ఎన్ని? అమ్మ, అత్త, తాత అనే మూడు మాటలా, “నీళ్లు కావాలి” అని రెండు మాటలు కలిపి అడగడమా? ఆ మాట బయటివాళ్లకు అర్థమవుతుందా, తల్లికి ఒక్కదానికే అర్థమవుతుందా?

దీనికి పూర్తిగా ఎదురు కూడా జరుగుతుంది. ఒకసారి తొమ్మిదేళ్ల పాపను చూడ్డానికి వెళ్లాను. తల్లి గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, “దానికేమీ రాదు మేడమ్, రాసుకోండి” అంది. నేను కొంగుతో మొహం తుడుచుకున్నాను. ఆ పాప లేచి లోపలికి వెళ్లింది. బిందె మీద మూత తీసి పక్కన పెట్టి, చెంబు ముంచి, మళ్లీ మూత పెట్టి, రెండు చేతులతో చెంబు పట్టుకుని వచ్చి నా ముందు పెట్టింది. ఒక్క చుక్క ఒలకలేదు. ఎదుటి మనిషికి దాహంగా ఉందని తెలుసుకుంది, నీళ్లు ఎక్కడుంటాయో గుర్తుపెట్టుకుంది, పనిని మొదలు నుంచి చివరిదాకా వరసగా చేసింది. ఇవన్నీ నా ఫారంలోని గళ్లే. ఒక్కటీ ప్రశ్నగా అడగలేదు. అప్పటి నుంచి ఏ ఇంట్లోనైనా మొదటి పదిహేను నిమిషాలు పుస్తకం తెరవను.

రాసేటప్పుడు కళ్లతో చూసింది రాయండి. “మొండిగా ఉన్నాడు” అని రాస్తే మీ అభిప్రాయం రాసినట్టు. “కుక్కర్ విజిల్ వేయగానే చెవులు మూసుకుని మంచం కిందికి దూరాడు, రెండు నిమిషాలకు బయటికొచ్చాడు” అని రాస్తే మీరు చూసింది రాసినట్టు. ఇది చదివిన థెరపిస్టుకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

4. చెవి, కన్ను, ఫిట్స్, థైరాయిడ్

ఈ తప్పు నాది కాబట్టి చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాలుగేళ్ల బాబును చూశాను. పిలిస్తే పలకడు, మాట లేదు, చెప్పింది చేయడు. “మానసిక ఎదుగుదల ఆలస్యం” అని రాసి పంపాను. వినికిడి గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. వాళ్లు తిరిగి తిరిగి చివరికి చెవి పరీక్ష చేయించేసరికి ఏడాదిన్నర గడిచిపోయింది. బాబుకు వినికిడి దాదాపు లేదని తేలింది. మాట నేర్చుకునే వయసులో ఆ ఏడాదిన్నర ఎంత విలువైనదో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే మాట ఆలస్యమైన ఏ బిడ్డకైనా ముందు వినికిడి పరీక్షే. చిన్నపిల్లలకు ఓఏఈ, బెరా అనే పరీక్షలు చేస్తారు. బిడ్డ నిద్రలో ఉన్నా చేయొచ్చు. ఇంట్లో వెనకనుంచి చప్పట్లు కొట్టి చూసి “వినపడుతోంది” అని తేల్చేయకండి. కొన్ని శబ్దాలే వినపడే పిల్లలుంటారు, నేల అదురు తగిలి తిరిగేవాళ్లూ ఉంటారు. చూపు కూడా అంతే, పరీక్ష చేయించాల్సిందే. పుట్టుకతో థైరాయిడ్ తక్కువగా ఉన్న బిడ్డకు మొదటి వారాల్లోనే మందు మొదలైతే మెదడు దెబ్బతినకుండా ఆపొచ్చు, అందుకని పరీక్ష జరిగిందో లేదో అడగండి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతో గుండె లోపం ఉంటుంది, గుండె స్కాన్ తీయించారా అని అడగండి.

ఫిట్స్ గురించి ప్రత్యేకంగా అడగాలి. “మూర్ఛ వస్తుందా” అంటే లేదంటారు. “ఉన్నట్టుండి ఒకచోటే చూస్తూ ఉండిపోతాడా, చేయి కొట్టుకుంటుందా, నిద్రలో పక్క తడిపి నాలుక కరుచుకుంటాడా” అని అడిగితే అప్పుడు చెబుతారు. మందు వాడుతుంటే “తగ్గిపోయిందని” సొంతంగా ఆపొద్దని గట్టిగా చెప్పండి.

పుట్టుక గురించి అడగండి: నెలలు నిండాయా, పుట్టగానే ఏడ్చాడా, పసిరికలు (కామెర్లు) ఎక్కువ రోజులున్నాయా. మేనరికమా అనే ప్రశ్న కూడా తప్పదు. కానీ అది అత్త ముందు అడక్కండి. ఆ ఒక్క ప్రశ్నతో ఇంట్లో కోడలి మీద నింద పడుతుంది.

పెద్దవాళ్ల విషయంలో ఒక తేడా గుర్తుపెట్టుకోండి. చిన్నప్పటి నుంచీ నడక, మాట, చదువు వెనకబడితే ఒక దారి. ఇంటర్ దాకా బాగా చదివి, ఇరవై ఏళ్లకు మారిపోతే అది మానసిక అనారోగ్యం కావచ్చు, సైకియాట్రిస్టుకు చూపించాలి. ఊళ్లో రెండింటినీ ఒకే మాటతో పిలుస్తారు. చట్టంలో, సర్టిఫికెట్‌లో, వైద్యంలో రెండూ వేరు.

5. చార్టులు ఎంతవరకు

రెండేళ్ల లోపు పిల్లలకు త్రివేండ్రం డెవలప్‌మెంటల్ స్క్రీనింగ్ చార్ట్ మనకు తేలిక. 17 అంశాలు. బిడ్డ వయసు దగ్గర పెన్సిల్ నిలువుగా పెట్టి, దానికి పూర్తిగా ఎడమవైపు ఉన్న పని ఏదైనా బిడ్డ చేయలేకపోతే పంపించాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే ఎన్ని నెలలు ముందుగా పుట్టాడో అన్ని తగ్గించి వయసు లెక్కేయండి. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. 16 నుంచి 30 నెలల పిల్లలకు ఆటిజం అనుమానానికి తల్లిదండ్రుల్ని అడిగే ఎంచాట్ అనే ప్రశ్నావళిలో 20 ప్రశ్నలు ఉంటాయి. స్కోరు 3 నుంచి 7 మధ్య వస్తే మరిన్ని ప్రశ్నలతో రెండో విడత అడగాలి, 8, ఆపైన వస్తే నేరుగా పంపాలి.

చార్టు చేతిలో లేకపోయినా ఇవి గుర్తుంచుకోండి: 9 నెలలకు ఆసరా లేకుండా కూర్చోకపోయినా, 18 నెలలకు నడవకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా, ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోయినా ఆగొద్దు. ఐక్యూ పరీక్షలు, ఆటిజానికి 40 అంశాల ఇసా స్కేలు వంటివి మీరు చేయకూడదు. అవి చేసే సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఊరూరా వెలుస్తున్న థెరపీ సెంటర్లకు పంపేముందు అక్కడివాళ్లకు ఆ నంబరు ఉందో లేదో మీరే చూడండి.

6. తల్లిదండ్రులకు చెప్పడం

“వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకే మాటలొచ్చాయి, వీడికీ వస్తాయి” అని నాయనమ్మ అంటుంది. కాదని వాదించకండి. “వస్తే మంచిదే పెద్దమ్మా, పరీక్ష చేయిస్తే మనకు టెన్షన్ ఉండదు కదా” అనండి. తల్లిని విడిగా కూర్చోబెట్టి మీరు రాసుకున్నది చదివి వినిపించండి, వచ్చిన పనులు ముందు, రాని పనులు తర్వాత. జబ్బు పేరు అడుగుతారు. “అది డాక్టరుగారు చెప్పాలమ్మా. కాస్త వెనకబడినట్టు నాకు కనబడుతోంది, ఇప్పుడే చూపించుకుందాం” అని ఆగండి. “మామూలు అయిపోతాడు” అని మాత్రం ఎప్పుడూ చెప్పకండి. ఆ మాట నమ్మి ఆయుర్వేదం, తాయెత్తులు, స్టెమ్ సెల్స్ అంటూ ఎకరాలు అమ్ముకున్న ఇళ్లు ఉన్నాయి.

ఎదిగిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో తల్లి గొంతు తగ్గించి గర్భసంచి తీయించేద్దామా అని అడుగుతుంది. నెలసరి చూసుకోలేక, ఎవరేం చేస్తారోనన్న భయంతో అడుగుతుంది. ఆవిడ మీద కోప్పడకండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ఆ అమ్మాయి ఇష్టపూర్వక అనుమతి లేకుండా పిల్లలు పుట్టకుండా చేసే ఏ వైద్యమూ చేయకూడదని చెప్పండి. ఊరికే చెప్పి రాకండి, ప్యాడ్ మార్చుకోవడం మెట్లు మెట్లుగా నేర్పించే స్పెషల్ ఎడ్యుకేటర్‌ని ఆ ఇంటికి తీసుకురండి. కొట్టిన గుర్తులు, లైంగిక వేధింపు అనుమానం ఉంటే మాత్రం ఇంట్లోవాళ్ల ఇష్టాయిష్టాలతో పనిలేదు. 18 ఏళ్ల లోపు అయితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, లైంగిక వేధింపు అనుమానమైతే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం కింద చెప్పి తీరాలి.

7. సర్టిఫికెట్ రోజు

2016 చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ మూడూ అందులో ఉన్నాయి. చాలా సేవలకు 40 శాతం ఉండాలి. ఆంధ్రలో సదరం (వైకల్య సర్టిఫికెట్ కోసం చేసే వైద్య పరీక్ష) స్లాట్ సచివాలయంలో బుక్ చేస్తారు. తెలంగాణలో మీసేవ, యూడీఐడీ (దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు) పోర్టల్. చివరికి చేతికి రావాల్సింది యూడీఐడీ కార్డు. వైకల్యం 40 శాతం లోపు అయితే తెలుపు, 40 నుంచి 80 లోపు అయితే పసుపు, 80, ఆపైన అయితే నీలం రంగు కార్డు ఇస్తారు.

స్లాట్ బుక్ చేసేముందు ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ బడి రికార్డుతో కలుస్తున్నాయో చూడండి. ఒక్క అక్షరం తేడాతో నెలలు పోతాయి. ఆ రోజు మందులు మామూలుగానే వేయమనండి. “గోల చేయకుండా ఉంటాడని” నిద్రమందు వేసి తెచ్చేవాళ్లున్నారు, అలా చేస్తే పరీక్ష ఏమీ తేలదు. బిస్కెట్లు, నీళ్లు, పిల్లాడు చేతిలో ఉంచుకునే వస్తువు ఏదైనా ఉంటే అది కూడా తెచ్చుకోమనండి. క్యాంపులో క్యూ, ఎండ, అరుపులు. డాక్టరుకు ఒక్కో మనిషికి దొరికేది కొన్ని నిమిషాలు. ఆ కొన్ని నిమిషాల్లో మీ ఒక పేజీ, “స్నానం మొత్తం తల్లి, అన్నం కలిపి పెడితే తింటాడు, ఒంటరిగా వీధిలోకి వెళ్లలేడు” అని తేదీలతో రాసింది, చాలా పని చేస్తుంది. శాతం పెరగాలని ఎక్కువ చేసి రాయకండి. ఒక్కసారి పట్టుబడితే మీ చేతి కాగితం ఇక ఎవరూ నమ్మరు.

చిన్నపిల్లలకు ఇచ్చేది చాలావరకు తాత్కాలిక సర్టిఫికెట్. గడువు తేదీ మీ డైరీలో రాసుకోండి. అది దాటాక తల్లిదండ్రులకు తెలిసేది పెన్షన్ ఆగినప్పుడే.

8. ఏ సేవ ముందు

ఆరేళ్ల లోపు పిల్లలకు థెరపీ ముందు, మిగతావన్నీ తర్వాత. డీఈఐసీలో ఫిజియో, స్పీచ్, సైకాలజిస్టు ఒకేచోట ఉండాలన్నది ఏర్పాటు. సర్టిఫికెట్ వచ్చేదాకా థెరపీ ఆపొద్దు, దానికి సర్టిఫికెట్ అక్కర్లేదు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో పెట్టిన మేధో వైకల్యం ఉన్నవాళ్ల జాతీయ సంస్థ, ఇప్పటి నైపిడ్, దాని ప్రాంతీయ కేంద్రంగా నెల్లూరులో నడిచే సీఆర్‌సీ పెద్ద దిక్కు. నైపిడ్ వాళ్ల ఎఫ్‌ఏసీపీ చెక్‌లిస్టుతో స్పెషల్ ఎడ్యుకేటర్లు పిల్లలకు ఏం నేర్పాలో ప్లాన్ వేస్తారు. బోధన సామగ్రి కిట్ కూడా అడగండి.

ఆరు నుంచి 18 మధ్య అయితే బడి. 40 శాతం పైన ఉన్నవాళ్లకు 18 ఏళ్లదాకా ఉచిత చదువు హక్కు. పక్క బడికీ, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత సెంటర్‌కీ మీరే ఒకసారి వెంట వెళ్లండి. ఐఈఆర్‌పీ టీచరు (ఈ పిల్లలకు చదువు చెప్పే ప్రత్యేక టీచరు) నంబరు తల్లి ఫోన్లో మీరే సేవ్ చేసి రండి.

పెన్షన్ ఆంధ్రలో నెలకు 6,000, తెలంగాణలో 4,016. నేషనల్ ట్రస్ట్ చట్టం కిందికి వచ్చే ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలవాళ్లకు నిరామయ పథకం కింద ఏడాదికి లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది, అందులో థెరపీ ఖర్చు కూడా వస్తుంది. ఈ సంగతి తెలియని ఇళ్లు చాలా.

18 నిండబోతున్న ప్రతి ఇంటికీ ఒక సంగతి ముందే చెప్పండి. 18 దాటాక తల్లిదండ్రులైనా చట్టప్రకారం సంరక్షకులు కారు. బ్యాంకు, ఆస్తి పనులకు కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ దగ్గర గార్డియన్‌షిప్ తీసుకోవాలి. తండ్రి ఉండగా తీసుకోవడం తేలిక, ఆయన పోయాక అన్నదమ్ముల మధ్య తేలడం కష్టం.

9. మళ్లీ వెళ్లడం

చీటీ రాసిచ్చిన వారానికి ఫోన్ చేయండి. వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదో అడగండి. బస్సు ఛార్జీలా, కూలి పోతుందనా, అత్త వద్దందా, అక్కడ ఎవరో కసిరారా? ఒక్కోదానికి ఒక్కో మందు. నెలకు మళ్లీ ఇంటికి వెళ్లండి. ఆరు నెలలకు అదే రోజును మళ్లీ అడగండి: ఎవరు లేపారు, గుండీలు ఎవరు పెట్టారు, ముద్ద ఎవరు కలిపారు? పాత పేజీ పక్కన కొత్త పేజీ పెట్టి తల్లికి చదవండి.

మీకు బదిలీ అయితే ఆ రెండు పేజీలూ ఫైలు మొదట్లో పెట్టి, గడువు తేదీలు పైన ఎర్ర పెన్నుతో రాసి, మీ తర్వాత వచ్చేవాళ్లను కనీసం థెరపీ నడుస్తున్న ఇళ్లకైనా మీరే తీసుకెళ్లి పరిచయం చేయండి.